మా వదిన దించిన పులుపు

మా వదిన జుస్తీనా ఒక్క ద్రాక్షపండు కొరికిందంటే అది ఏ చెట్టు మీద కాసిందో చెప్పేసేది. నేను పరీక్ష పెట్టి చూశాను. ఒకసారి కాదు, ఎప్పుడో ఒకప్పుడు ఓడిపోతుందన్న ఆశతో నాలుగైదుసార్లు పెట్టాను. ఆడపడుచుని, ఆ మాత్రం ఆశ ఉండదా? మూడు చెట్ల నుంచి మూడు పళ్ళు తెంపి, జేబులో కలిపేసి, ఒక్కొక్కటే చేతిలో పెట్టేదాన్ని. కళ్ళు మూసుకుని కొరికేది.

"ఇది కాలవ గట్టున ఉన్న దానిది. ఇది రెండో వరసలో నీడ వైపుది. ఇదిగో, ఇది చెట్టుదే కాదు. ఆ పొట్టి వరసల్లోంచి దొంగతనంగా తెచ్చావు. నన్ను మోసం చెయ్యాలని చూస్తున్నావా ఎర్సీలియా?"

"ఎలా తెలిసింది వదినా?"

"చెవి కింద లాగలేదు."

నాలుకతో కాదు, చెవి కింద దవడ మూలతో రుచి చూసే మనిషి ఆమె. మా వైన్‌కు అలాంటి మనిషే కావాలి. దాని పేరు అస్ప్రీన్యో. అంటే పుల్లనిది అని. పేరులోనే చెప్పేశాం కాబట్టి, తాగి ముఖం ముడుచుకునేవాళ్ళకు మేము సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

జుస్తీనా మా ఊరి పిల్ల కాదు. సముద్రం వైపు చిత్తడి నేలల్లో గేదెలు కాసే ఇంటి పిల్ల. మా అన్న తమ్మారో ఆమెను చేసుకుని అవెర్సా పక్కన మా ఊరికి తీసుకొచ్చినప్పుడు నేను పెదవి విరిచాను. గేదెల వాసన వస్తుందన్నాను, ఆమెకు వినబడేటట్టే అన్నాను. ఆమె నా వైపు చూసి, "గేదె వాసన కడిగితే పోతుంది. నీ నోరు దేనితో కడుగుతారు?" అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మా అన్న చెట్లెక్కే మనిషి. మా ద్రాక్ష తీగ నేల మీద పాకదు. బారుగా నాటిన పోప్లార్ చెట్లను పట్టుకుని పైకి, ఇంకా పైకి, నాలుగంతస్తుల మేడంత ఎత్తుకు పోతుంది. చెట్టుకూ చెట్టుకూ మధ్య తీగల గోడ నిలబడుతుంది. అక్కడ ఆకు ఎక్కువ, నీడ ఎక్కువ, గాలి ఎక్కువ. పండు తొందర పడదు, పులుపును వదలదు. ఆ పళ్ళను దించాలంటే సన్నటి పొడుగాటి నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన మీద నిలబడి, రెండు చేతులూ వదిలేసి, గుత్తులు కోసి బుట్టలో వేసి, బుట్టను తాడుతో కిందికి దించాలి. బుట్ట అడుగు మొనదేలి ఉంటుంది. నేలకు దిగగానే మట్టిలో గుచ్చుకుని నిలబడుతుంది, ఒరగదు.

రెండు చేతులూ వదిలేస్తే మనిషి పడడా? పడడు. అదే మా నిచ్చెనలో ఉన్న కిటుకు. ఎక్కే మనిషి అరికాలి నుంచి మోకాలి దాకా ఎంత పొడుగో, మెట్టుకూ మెట్టుకూ మధ్య అంతే ఎడం పెడతారు. కింది మెట్టు మీద కాలు, పై మెట్టుకు మోకాలు. బిగించాడంటే చెట్టుతో పాటు ఊగుతాడే కానీ జారడు. అందుకే మా దగ్గర ఎవరి నిచ్చెన వాళ్ళదే. చెప్పులైనా అరువిస్తారు కానీ నిచ్చెన ఇవ్వరు. ఇచ్చినా పనికిరాదు.

ముప్పై ఏళ్ళు చెట్ల మీద తిరిగిన మా అన్న ఏ చెట్టు మీంచీ పడలేదు. ఒక జూలై మధ్యాహ్నం మా పెరట్లో వైన్ దాచే గుహలోకి దిగుతూ, తడి మెట్టు మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నలభై మెట్ల గుహ, మెత్తటి పసుపు రాతిలో తాతల కాలంలో తవ్వింది. నలుగురు మగవాళ్ళు చెక్క పలక మీద పడుకోబెట్టి పైకి మోసుకొచ్చారు. వైద్యుడు చూసి, నడిస్తే నడుస్తాడు కానీ ఇక నిచ్చెన మాట ఎత్తొద్దన్నాడు.

ఆగస్టులో దొర వచ్చాడు. దొన్ గాస్తోనె. నేపుల్స్‌లో ఉంటాడు, చెట్లు ఆయనవి, చాకిరీ మాది, పంట చెరి సగం. మంచివాడే, తెల్ల బూట్లు వేసుకుని పొలానికి వచ్చేంత మంచివాడు. మూడేళ్ళ కిందట కాలవకు అవతల ఇనపతీగెలు కట్టి పొట్టి వరసలు వేయించాడు. అదే తీగ, అదే పండు, కాకపోతే మనిషి రొమ్ము ఎత్తున కాస్తుంది. ముసలమ్మలు కూడా వంగకుండా కోయొచ్చు. ఆ ఏడాది వాటికి మొదటి నిండు కాపు.

"తమ్మారో ఇక ఎక్కలేడు. ఎక్కేవాళ్ళు మిగతా ఇద్దరూ ఫ్యాక్టరీలకి పోయారు. ఈ డెబ్బై చెట్లూ నాకెందుకమ్మా? పిట్టలకి పెట్టడానికా? ఫిబ్రవరిలో గొడ్డళ్ళవాళ్ళని పంపిస్తా. కొట్టేసి, ఇక్కడా పొట్టి వరసలే వేయిద్దాం."

మా అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదిన చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"కొట్టేస్తే మళ్ళీ పెరగడానికి ఒక జీవితం పడుతుంది దొరా. ముందు ఈ ఏటి పంట రెండు పీపాల్లో విడివిడిగా వెయ్యనివ్వండి. చెట్టుది ఒకటి, పొట్టి వరసది ఒకటి. ఫిబ్రవరిలో మీరే వచ్చి తాగండి. చెట్టుది మీకు నచ్చకపోతే గొడ్డలికి పదును నేనే పెట్టిస్తా."

"బాగానే ఉంది. మరి చెట్టు మీది పళ్ళు దించేదెవరు?"

"దించుతారు లెండి."

"ఎవరు?"

"దిగాక చూద్దురుగాని."

దొర నవ్వి, తలూపి, కారెక్కి పోయాడు. కారు మలుపు తిరగకముందే నేను వదిన చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరు వదినా దించేది?"

"నేనే."

మా ఊళ్ళో ఆడది నిచ్చెన ఎక్కిన చరిత్ర లేదు. ఆడవాళ్ళు కింద బుట్టలు అందుకుంటారు, గుత్తులు ఏరతారు, పై నుంచి మగవాళ్ళు పాడే వెకిలి పాటలకు అంతకన్నా వెకిలిగా జవాబు పాడతారు. అంతవరకే. లోపలి గదిలోంచి మా అన్న అరిచాడు.

"నా నిచ్చెన ముట్టుకున్నావంటే చూడు! నువ్వెక్కితే నేను చచ్చాననుకుంటుంది ఊరు!"

"నువ్వు బతికే ఉన్నావని నీ అరుపే చెబుతోందిగా, పక్క ఊరికి కూడా" అంది వదిన.

ముట్టుకోవద్దన్న నిచ్చెననే ఆ సాయంత్రం ముట్టుకుంది. మా అన్నవి కొంగ కాళ్ళు. ఆమె మోకాలు పై మెట్టుకు ఒక జానెడు తక్కువైంది. ఐదో మెట్టు మీద చేతులు వదలబోయి, జారి, ముంగాలు చీరుకుపోయి దిగింది. రక్తం తుడుచుకుంటూ, "సొంత నిచ్చెన కావాలి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి నేను నోరు మూసుకున్నాను. నా నోరు మూయించినవాళ్ళు తక్కువ.

మర్నాడు నిచ్చెనల మేస్త్రీ చెజారియో దగ్గరికి నేనే వెళ్ళాను. చెస్ట్‌నట్ కర్ర చెక్కుతూ కూర్చున్నాడు.

"మా వదినకి నిచ్చెన కావాలి మేస్త్రీ."

"ఎందుకు? మేడ మీద బట్టలారేసుకోడానికా?"

"పోప్లార్లెక్కడానికి."

చేతిలో ఉలి ఆగిపోయింది. "ఎర్సీలియా, నీకు జ్వరమేమైనా వచ్చిందా? నిచ్చెనంటే మోకాలు కొలవాలి. పరాయి మగాడి పెళ్ళాం మోకాలు నన్ను కొలవమంటావా? తమ్మారో మంచంలో ఉన్నాడు కాబట్టి ఊరుకున్నా, మా ఆవిడ మంచంలో లేదు. నా మోకాళ్ళు రెండూ విరగ్గొడుతుంది."

"కొలిచేది నేను. కర్ర కోసేది నువ్వు. నీ మోకాళ్ళకి ఏ భయమూ లేదు."

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. దారం తీసుకురా. ఒక ముడి అరికాలి దగ్గర, ఒక ముడి మోకాలి చిప్ప కింద. ఎవరి కాలని మాత్రం నేనడగను."

ఇంటికొచ్చి వంటింట్లోనే కొలిచాను. వదిన పొయ్యి దగ్గర నిలబడి చిక్కుళ్ళు కలుపుతోంది. నేను నేల మీద చతికిలబడి, కింద ఒక ముడి, పైన ఒక ముడి వేశాను. దారం తీసుకెళ్ళి ఇస్తే చెజారియో ఒక్కటే అడిగాడు.

"ఉత్తకాలికేగా కొలిచావు?"

"మరి బూట్లేసి కొలుస్తారా? నాకామాత్రం తెలీదా?" అన్నాను. గొప్పగా అన్నాను.

సెప్టెంబరు ఆఖరుకు నిచ్చెన తయారైంది. ముప్పై నాలుగు మెట్లు, తెల్లగా, కొత్త కర్ర వాసనతో. మేమిద్దరం చెరో కొసా భుజాన పెట్టుకుని మంగలి కొట్టు ముందు నుంచి మోసుకొచ్చాం. గడ్డం సగం గీయించుకున్నవాళ్ళు సబ్బు నురగతోనే బయటికొచ్చారు.

"జుస్తీనా, ఆకాశంలో దేవదూతలకి గేదెపాలు పోస్తావా?"

"పోస్తా. నీకు మాత్రం ఇప్పట్లో అటు నుంచి పిలుపు రాదు, ఆ సగం గడ్డంతో రానివ్వరు."

మొదటి చెట్టు కాలవ గట్టున ఉన్నది. ఊరు ఊరంతా అక్కడే ఉంది, పనేమీ లేనట్టు. వదిన చెక్కచెప్పులు విప్పేసి, లంగా కింద అన్న పంట్లాము బిగించి కట్టుకుని, ఉత్తకాళ్ళతో ఎక్కింది. ఐదో మెట్టు మీద ఆగింది. మోకాలు పెట్టి చూసింది. బిగియలేదు. మళ్ళీ చూసింది. రెండు వేళ్ళ ఎడం మిగిలిపోయింది. అప్పుడు ఆమె కిందికి, నా వైపు చూసింది. నా నుంచి గట్టున విప్పి పెట్టిన తన చెక్కచెప్పుల వైపు చూసింది. అప్పటికి నాకు అర్థమైంది. ఆ రోజు వంటింట్లో ఆమె కాళ్ళకు చెప్పులున్నాయి. నేను చెప్పు అడుగు నుంచి కొలిచాను.

ఊరంతా ఉంది. ఆమె ఒక్క మాట అంటే చాలు, నేను ఆ కాలవలో దూకాల్సి వచ్చేది. ఆమె నిమ్మళంగా దిగి, ఇంట్లోకి వెళ్ళి, మా అన్న చలికాలం బూట్లు వేసుకుని వచ్చింది. రెండు వేళ్ళ మందం అడుగున్న బూట్లు. లోపల గుడ్డపీలికలు కూరి కట్టుకుంది.

"ఇదేంటమ్మా ఈ ఎండలో?" అన్నారెవరో.

"నాకు పాదాలు చలి" అంది.

ఎక్కింది. ఐదో మెట్టు, పదో మెట్టు, ఇరవయ్యో మెట్టు. మోకాలు బిగించింది. రెండు చేతులూ వదిలింది. మొదటి బుట్ట తాడు మీద ఊగుతూ దిగి, నా కాళ్ళ దగ్గర మట్టిలో గుచ్చుకుని నిలబడింది. నేను ఒక పండు తీసి నోట్లో వేసుకున్నాను. చెవి కింద లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పులుపుకే.

తరవాత ఇరవై ఆరేళ్ళు ఆమె ఆ బూట్లతోనే ఎక్కింది. మిగతా ఊళ్ళ మగవాళ్ళంతా ఉత్తకాళ్ళతో ఎక్కుతుంటే, ఈమె బూట్ల గురించి ఏవేవో కథలు పుట్టాయి. మొక్కుకుందని, కాలికి ఆరో వేలుందని. నా తప్పని ఆమె ఏ ఒక్కరితోనూ అనలేదు. మా అన్నతో కూడా. అందుకే నేను చెబుతున్నాను. ఆమెను పొగిడేవాళ్ళు ధైర్యాన్ని పొగుడుతారు. ధైర్యం చాలామందికి ఉంటుంది. చేతికి చిక్కిన ఆడపడుచును వదిలేయడం ఎంతమందికి వస్తుంది?

డెబ్బై చెట్లు పద్దెనిమిది రోజుల్లో కోసింది. మా అన్నయితే పన్నెండు రోజుల్లో కోసేవాడు. ఆ సంగతి ఆయన మంచంలోంచి రోజూ నాకు గుర్తు చేశాడు. తన మంచం కిటికీ వైపు నుంచి గోడ వైపుకు తిప్పించుకున్నాడు, చెట్లు కనబడకుండా. వదిన సాయంత్రం వచ్చి సూప్ పోసిస్తే తాగేవాడు, ఆమెతో మాత్రం ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆమె కూడా అలిసిపోయి, గిన్నె ఆయన పక్కన పెట్టి, తన గిన్నె పట్టుకుని గడప మీద కూర్చునేది.

చెట్టు పళ్ళు ఒక పీపాలో, పొట్టి వరసల పళ్ళు ఇంకో పీపాలో వేశాం. రెండూ ఒకే గుహలో, ఒకే చల్లదనంలో, పక్కపక్కనే చలికాలమంతా పడుకున్నాయి. నవంబరులో బుడగలు ఆగాయి. జనవరిలో తేటపడ్డాయి. వదిన రోజూ దిగి రెండింటికీ చెవి పెట్టి వచ్చేది. ఏం వింటావని అడిగితే, "ఒకటి నిద్రపోతోంది. ఒకటి మెలకువగా ఉంది" అంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం దొర వచ్చాడు. వెనకాల బండిలో నలుగురు గొడ్డళ్ళవాళ్ళు. పెరట్లో గొడ్డళ్ళు గోడకు ఆనించి చేతులు రుద్దుకుంటున్నారు. మంచు ఇంకా కరగలేదు.

దొర, వదిన, నేను గుహలోకి దిగాం. నేను దీపం పట్టుకున్నాను. ముందు పొట్టి వరసల పీపాలోంచి పట్టింది వదిన. దీపం వెలుగులో పచ్చగా ఉంది. దొర వాసన చూశాడు, తాగాడు. మెత్తగా, గుండ్రంగా ఉందన్నాడు. పీచ్ పండు గుర్తొస్తోందన్నాడు. తరవాత చెట్టుది. దానికి రంగే లేదు, గ్లాసు అంచున మాత్రం ఆకుపచ్చ నీడ. నిమ్మతొక్క వాసన, పచ్చి ఆపిల్ వాసన, వాటి అడుగున తడిరాయి వాసన. దొర గుక్కెడు తాగి ఒక కన్ను మూసుకున్నాడు.

"నా పళ్ళు పులిశాయి కదమ్మా! గడ్డం గీసుకున్నాక రాసుకోవాలి గానీ దీన్ని తాగుతారా?"

మళ్ళీ మొదటిది తాగాడు. తలూపాడు.

"జుస్తీనా, నువ్వు పళ్ళెలా దింపించావో నాకు తెలీదు గానీ కష్టపడ్డావు. కానీ ఇది పెద్దమనిషి తాగే వైన్. అది వేరే. మాట ప్రకారమే అడిగావు, మాట ప్రకారమే చెబుతున్నా. చెట్లు కొట్టించేద్దాం."

డెబ్బై చెట్లు. నేను వదిన వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె రెండు కూజాలు తీసుకుని నింపుతోంది. తెల్ల కూజాలో పొట్టి వరసలది, నీలం కూజాలో చెట్టుది.

"అలాగే దొరా. కానీ మా ఇంటికి వచ్చినవాళ్ళు నిలబడి తాగి వెళ్ళిపోరు. పంది కోసి వారమైంది. గొడ్డళ్ళవాళ్ళు కూడా ఏమీ తినకుండా వచ్చారు. కూర్చుని నాలుగు ముద్దలు తిని, తరవాత మీ పని కానివ్వండి."

తిండి మాటకు కాదనే దొర ఇంకా పుట్టలేదు. వంటింట్లో బల్ల చుట్టూ దొర, నలుగురు గొడ్డళ్ళవాళ్ళు కూర్చున్నారు. మా అన్న మంచం పక్క గదిలోనే, తలుపు తీసే ఉంది. వదిన పంది సాసేజీలు వేయించింది, నూనె కారుతూ. చేదాకు కూర వెల్లుల్లితో వేయించింది. పుట్టింటి నుంచి వచ్చిన గేదెపాల మొజరెల్లా రొట్టెముక్కల మధ్య పెట్టి, గుడ్డులో ముంచి, పందికొవ్వులో ఎర్రగా వేయించింది. కొరికితే తీగలు తీగలుగా సాగుతుంది, పెదవులకు నూనె మెరుస్తుంది. రెండు కూజాలూ బల్ల మధ్యలో పెట్టి, ఏమీ అనకుండా మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

దొర మొదట తెల్ల కూజాలోంచే పోసుకున్నాడు. సాసేజీ కొరికాడు, తాగాడు. ఇంకో ముక్క, ఇంకో గుక్క. మూడో ముక్కకు నమలడం నెమ్మదించింది. ఆ మెత్తటి వైన్ నోట్లోని కొవ్వు మీద కొవ్వులా కూర్చుంది. గ్లాసు పక్కకు జరిపాడు. పక్కన గొడ్డలివాడు నీలం కూజా ఎత్తుతుంటే, తన గ్లాసు కూడా అటు చాచాడు. మాటల్లో ఉన్నాడు, ఏ కూజా అని చూసుకోలేదు.

నేను గోడకు ఆనుకుని ఆయన చెయ్యినే చూస్తున్నాను.

తాగాడు. ఈసారి కన్ను మూయలేదు. నాలుకతో పెదవులు తడుముకున్నాడు. నూనె పోయింది, నోరు కడిగినట్టయింది, మళ్ళీ ఆకలి పుట్టింది. నాకు తెలుసు, పుట్టినప్పటి నుంచి తెలుసు. మా వైన్ ఒంటరిగా తాగితే చెంపదెబ్బ. పక్కన కొవ్వు, ఉప్పు, వేడి ఉన్నాయంటే అది మనిషిని కూర్చోబెడుతుంది. చెయ్యి మొజరెల్లా మీదికి పోయింది. అక్కడి నుంచి గ్లాసు మీదికి. గ్లాసు నుంచి నీలం కూజా మీదికి. గొడ్డళ్ళవాళ్ళలో పెద్దవాడు చేదాకు నోట్లో కుక్కుకుని, "వదినమ్మా, ఇది కడుపు తలుపులు తీస్తోంది. మధ్యాహ్నానికి కూడా వంట చెయ్యాలి నువ్వు" అన్నాడు. ఇంకొకడు తెల్ల కూజా అడ్డంగా ఉందని బల్ల చివరికి నెట్టేశాడు.

కాసేపటికి దొర నీలం కూజా వంచాడు. ఒక్క చుక్క పడింది. ఊపాడు.

"ఇదయిపోయిందా?"

"అయిపోయింది దొరా. తెల్లది నిండుగానే ఉంది, పొయ్యనా?" అంది వదిన, వెనక్కి తిరక్కుండానే.

దొర తెల్ల కూజా వైపు చూశాడు. చేతిలో ఉన్న నీలం కూజా వైపు చూశాడు. నలుగురు గొడ్డళ్ళవాళ్ళూ నమలడం ఆపారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను మాయ చేశావు."

"నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. చెయ్యి మీదే, కూజా మీరే ఎత్తారు."

దొర రొట్టెముక్కతో పళ్ళెంలో నూనె తుడుచుకున్నాడు. ఆఖరికి, "ఎవరు ఎక్కింది?" అన్నాడు.

"నేనే ఎక్కాను."

"నువ్వా? అంత ఎత్తు? ఆడది నిచ్చెనెక్కితే నలుగురూ ఏమంటారు?"

"నలుగురూ కింద నుంచి అంటారు దొరా. పైకి వినబడదు."

గొడ్డళ్ళవాళ్ళలో పెద్దవాడు పక్కున నవ్వి, నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. దొరకు కూడా నవ్వొచ్చింది, మీసం కింద దాచుకున్నాడు. లేచి, టోపీ పెట్టుకుని, కుర్చీ సర్దాడు. ఆయన కుర్చీ సర్దడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"గొడ్డళ్ళు బండిలో పెట్టండి. కాలవ గట్టున తుమ్మపొదలున్నాయి, అవి కొట్టండి. పోప్లార్ల జోలికి పోకండి." గడప దాటుతూ ఆగి, "జుస్తీనా, ఈస్టర్‌కి ఆ పుల్లది ఒక చిన్న పీపా మా ఇంటికి పంపించు" అన్నాడు.

"పంపిస్తా. దాంతో ఏం వండాలో కూడా మీ వంటావిడకి చెప్పి పంపిస్తా. నిలబడి మాత్రం తాగకండి."

బండి కదిలింది. ఆ చప్పుడు పోయాక పక్క గదిలోంచి మంచం కిర్రుమంది.

"జుస్తీనా!"

ఐదు నెలల్లో ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వదిన చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేసి వెళ్ళింది. నేను తలుపు దగ్గరికి జరిగాను. వినకూడదని నన్నెవరూ అనలేదు.

"ఈ మంచం కిటికీ వైపు తిప్పు" అన్నాడు మా అన్న.

తిప్పింది. బరువైన మంచం, ఒక్కతే తిప్పింది. ఆయన కాసేపు ఆకులు రాలిన చెట్ల వంక చూశాడు.

"కత్తిరింపులు ఎప్పుడు మొదలెడతావు?"

"ఎల్లుండి."

"కాలవ గట్టున రెండోదుందే, దానికి కుడి కొమ్మ లోపల పుచ్చిపోయింది. పైకి కనపడదు. నిచ్చెన దాని మీద ఆనించకు. నిరుడు నేనే ఆనించి, పోయాననుకున్నాను."

"ఊఁ."

"దాని పక్కది మంచిది. కానీ గాలొస్తే తూర్పుకి ఊగుతుంది. ఊగనివ్వు, నువ్వూ ఊగు, బిగపట్టావంటే నిన్ను విసిరేస్తుంది. నాలుగోదానికి పిట్టగూడు ఉండేది…"

వదిన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన చెబుతూనే ఉన్నాడు, ఒక్కొక్క చెట్టూ, ఒక్కొక్క కొమ్మా. ఆమె మధ్యమధ్య అడుగుతోంది. ఒకటి రెండు చోట్ల, "కాదు, అది నేను చూశాను, ఎడమ కొమ్మే" అని వాదించింది. ఆయన ఒప్పుకున్నాడు. మా అన్న ఒప్పుకోవడం! డెబ్బై చెట్లూ అయ్యేసరికి పొద్దు వాలింది. ఐదుగురు తిన్న పళ్ళేలు, గ్లాసులు, బాణలి, రెండు కూజాలు. ఆ పూట గిన్నెలన్నీ నేనే కడిగాను.